పదిహేడో తెప్ప గంట పుస్తకం

ఇంటి పెద్ద పేరు: (ఖాళీ వదిలాను. ఆయన పేరు నేను రాయకూడదు.)
రాస్తున్నది: వరహాలు, కోడలు. ఐదో తరగతి దాకా చదువు.

శ్రావణ శుద్ధ విదియ, పోటు వేళ

కారణం: కాలు జారింది. నీళ్ళలో పడలేదు.
పెద్ద గంట మోగింది. అంబలి పోశాం.

శ్రావణ శుద్ధ దశమి, పాటు వేళ

కారణం: చేతికి చేప ముల్లు గుచ్చుకుంది.
పెద్ద గంట మోగింది. అంబలి పోశాం.

శ్రావణ బహుళ తదియ

పైన రెండుసార్లు రాసింది అబద్ధం. గంట పుస్తకంలో రాసింది కొట్టేయకూడదని గంట కాసే దేముళ్ళు తాత చెప్పాడు. అందుకని వాటిని అలాగే ఉంచి, కింద నిజం రాస్తున్నాను. ఏడాది చివర ఈ పుస్తకం గట్టు మీది కార్యాలయానికి వెళ్తుందట. అక్కడివాళ్ళకి తెప్పల సంగతి తెలియకపోవచ్చు. నాకూ పెళ్ళికి ముందు తెలియదు. నేనూ గట్టు పిల్లనే. ఈత రాదు.

ఇక్కడ మెడలో తాళి పడిన రోజే చేతికి కడియం వేస్తారు. అది నాడి చూస్తుంది. నీళ్ళలో పడ్డ మనిషి నాడి ఎలా పరిగెడుతుందో దానికి తెలుసు. అలా పరిగెత్తితే ముందు కడియమే చిన్నగా మోగుతుంది. అరవై లెక్కపెట్టేలోగా దాని మీది రాయి నొక్కి, తన గొంతుతో తన పేరు, తెప్ప నంబరు చెప్పి ‘క్షేమం’ అనాలి. ఆ మాట నూట నలభై తెప్పల్లోనూ మైకులో వినిపిస్తుంది. ఇంకొకరు చెబితే చెల్లదు. చెప్పకపోతే పెద్ద గంట మోగుతుంది. అప్పుడు పడవలున్న వాళ్ళంతా పనులు వదిలి పరిగెత్తి వస్తారు. అడుగున ఉన్నవాళ్ళు కూడా పైకి వస్తారు.

మా ఆయన అడుక్కి దిగే మనిషి. కింద మునిగిపోయిన ఊళ్ళో ఇళ్ళ గోడల్లోంచి రాగి తీగ లాగి తెస్తాడు. నోట్లో గాలి గొట్టం, చెవిలో మైకు తీగ, నడుముకి తాడు. ఆ తాడుకి మూడు ముళ్ళు ఉంటాయి. పైకి వచ్చేటప్పుడు ప్రతి ముడి దగ్గరా మూడు వందలు లెక్కపెట్టి ఆగాలి. ఆగకుండా వస్తే ఒంట్లో గాలి బుడగలు కట్టి కీళ్ళలో ఇరుక్కుంటుందట. కానీ పెద్ద గంట మోగితే ఎవరూ ఆగరు. మునిగే మనిషికి అంత వ్యవధి ఉండదు.

ఇప్పుడు నిజం. మొదటిసారి నేను కాలు జారలేదు. ఇంట్లో పీట మీద కూర్చుని పండుగప్పకి పొలుసు గీకుతున్నాను. అత్త పక్కనే బియ్యం ఏరుతోంది. ఉన్నట్టుండి గుండె ఒక్కసారి జారి, పరుగందుకుంది. నోరు ఎండిపోయింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఊపిరి ఎంత పీల్చినా చాలలేదు. అత్త గొంతు గాజు పలక అవతలి నుంచి వచ్చినట్టుంది. నేను చచ్చిపోతున్నాను. అలా అనిపించడం కాదు, తెలిసిపోయింది.

కడియం మోగింది. రాయి నొక్కాలని తెలుసు. కానీ మైకులో మాట్లాడాలి. ఈ ఊళ్ళో నా గొంతు మా ఇంట్లో వాళ్ళు తప్ప ఎవరూ వినలేదు. పైగా చచ్చిపోతూ క్షేమం అని ఎలా చెప్పను?

పెద్ద గంట మోగింది. ఇరవై పడవలు వచ్చాయి. ఒళ్ళో చేప పెట్టుకుని, ఒక్క నీటి చుక్క అంటకుండా కూర్చున్న నన్ను చూశారు. అప్పటికి భయం దిగిపోయింది కూడా. వట్టి గంట మోగించిన ఇంటివాళ్ళు వచ్చినవాళ్ళందరికీ అంబలి పోయాలి. ఎవరి కడియం మోగిందో వాళ్ళే తమ చేత్తో పోయాలి. తల ఎత్తకుండా పోశాను. పాదాలు మాత్రం చూశాను. తడి పాదాలు.

‘ఏటయ్యిందే?’ అంది అత్త. ‘కాలు జారింది’ అన్నాను. కూర్చున్న మనిషికి కాలెలా జారుతుందని ఆవిడ అడగలేదు.

ఈ రోజు మూడోసారి. అంబలి ముంత అందుకుంటూ పక్క తెప్ప బుల్లెమ్మ వదిన, ‘ఈ నెల మా ఇంట్లో పొయ్యి ఎలిగించక్కర్లేదే తల్లీ, వరహాలు పెట్టేత్తంది’ అంది. అందరూ నవ్వారు. నవ్వుతూనే తాగారు. మా ఆయన నవ్వలేదు. ఆయన మూడు ముళ్ళూ దాటుకుని వచ్చాడు. సాయంత్రం నుంచి కుడి భుజం పట్టుకుని కూర్చున్నాడు. ‘ఏం లేదే, మూట బరువు’ అంటాడు. మూట కిందే వదిలేసి వచ్చాడని నాకు తెలుసు.

శ్రావణ బహుళ దశమి

గంట మోగలేదు. కానీ ఇవీ రాస్తాను.

తేలే సంతకి వెళ్ళడం మానేశాను. క్రితంసారి అక్కడ ఉల్లిపాయలు ఏరుతుంటే గుండె దడదడలాడింది. మంచినీళ్ళ తెప్పకి పోయే చెక్క వంతెన దాటడం మానేశాను, అది ఊగుతుంది. అత్తే నీళ్ళు మోసుకొస్తోంది, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. టీ మానేశాను. వేడి అన్నం తింటే చెమట పడుతుంది, చెమట పడితే అదే వస్తుందేమోనని చల్లారాక తింటున్నాను. గట్టిగా నవ్వడం కూడా మానేశాను. గుండె కొంచెం ఎగిరినా కడియం వైపు చూస్తాను. చూస్తే ఇంకొంచెం ఎగురుతుంది.

మా ఆయన అడుగున ఉన్నంతసేపూ చాప మీద కదలకుండా కూర్చుంటున్నాను. నా గుండె నిలకడగా ఉంటేనే ఆయన కీళ్ళు నిలుస్తాయి. అది గుర్తొచ్చినప్పుడల్లా గుండె నిలకడ తప్పుతుంది.

ఇంట్లో ఇద్దరికీ ఏమీ చెప్పలేదు. ఏమని చెప్పాలి? భయం అంటే దేనికని అడుగుతారు. దేనికీ కాదు అంటే పిచ్చి అంటారు. గట్టుకి పంపేస్తారు.

శ్రావణ అమావాస్య

ఇది రాయకుండా ఉండగలిగితే బాగుండేది.

కడియం ఒంటి మీద నుంచి తీస్తే, మళ్ళీ వెచ్చని చర్మం తగలకపోతే అది మోగుతుంది. వెచ్చని చర్మం ఎవరిదైనా దానికి ఒకటేనని నాలుగు రోజుల క్రితం కనిపెట్టాను. మా తెప్ప మీద ఒక మేక ఉంది, చూడి మేక. దాని నాడి పట్టుకుని చూశాను. ఎప్పుడు చూసినా తాపీగా కొట్టుకుంటోంది. నాకంటే అదే నయం అనిపించింది. మా ఆయన అడుక్కి దిగగానే కడియం తీసి మేక ముందు కాలికి, మోకాలి పైన వెంట్రుకలు కత్తిరించి కట్టేదాన్ని. ఆయన పైకి రాగానే తీసి వేసుకునేదాన్ని. నాలుగు రోజులూ ఎంత హాయిగా ఉందో. ఒకసారి నాకు అది వచ్చింది కూడా. గోనె పట్టా మీద పడుకుని వణికాను. ఊళ్ళో ఎవరికీ తెలియలేదు. మేక నెమరేసుకుంటూ కూర్చుంది.

ఈ రోజు మేక ఈనింది.

నేను పొయ్యి దగ్గర ఉన్నాను. మేక అరుపు వినిపించి వెళ్ళేసరికే అరవై అయిపోయింది. పెద్ద గంట మోగింది. పడవలు వచ్చాయి. పడవల్లోవాళ్ళు నన్ను చూశారు, నా బోసి చేతిని చూశారు, తర్వాత మేకని చూశారు. పిల్ల సగం బయటికి వచ్చి ఉంది. మేక కాలికి కడియం, దాని మీద ఎర్ర దీపం వెలిగి ఆరుతోంది.

ఎవరో, ‘గంట కొట్టింది కోడలా, మేకా?’ అన్నారు.

‘మేక పేరు కూడా పుస్తకంలో ఎక్కించండ్రా!’

‘ఓ మేకమ్మా, రాయి నొక్కి క్షేమం అనరాదేటి?’

బుల్లెమ్మ వదిన ముందుకొచ్చి నడుం వంచి పిల్లని బయటికి లాగింది. పోతు పిల్ల. ‘మూడు గంటలకోసారి చూడాలి దీన్ని’ అంది నా మొహం చూడకుండా. ఆవిడ నవ్వకపోవడం అందరి నవ్వుకంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

మా ఆయన పైకి వచ్చాడు. మూడు ముళ్ళూ దాటుకుని, ఒక మేక కోసం వచ్చాడు. పడవలోంచి తెప్ప మీదకి అడుగు పెట్టబోయి పడిపోయాడు. ‘ఎడం కాలు ఏదిరా?’ అన్నాడు. కాలు అక్కడే ఉంది. దానికి ఆయన సంగతి తెలియడం లేదు, అంతే.

ఆ స్థితిలో కూడా అంబలి పోయాలి. ఆచారం ఆగదు. దేముళ్ళు తాత చివర వచ్చాడు. ఆయన గంట కాయబట్టి ముప్ఫై ఏళ్ళు. ఎప్పుడూ లేనిది, నోరు తెరిచాను.

‘క్షేమం అని రాదు తాతా. క్షేమంగా ఉండను నేనప్పుడు.’

తాత ముంత కింద పెట్టాడు. ‘క్షేమవేటే పిచ్చిపిల్లా! ఎవడి క్షేమం ఎవడికి తెలుసు. ఆ మాట నాకెందుకూ? నువ్వు నీళ్ళల్లో ఉన్నావా, నీళ్ళ పైనున్నావా. నాకంతే కావాలి. మిగతాది ఏడుత్తా చెప్పు, బూతులు తిడతా చెప్పు. నేనేవైనా అన్నానా?’

భాద్రపద శుద్ధ తదియ

మర్నాడే వైద్య పడవ వచ్చింది. అందులో ఇనప పీపా లాంటి గది ఉంది. మా ఆయన్ని దాంట్లో ఆరు గంటలు పడుకోబెట్టి గాలి ఎక్కించారు. రెండో రోజుకి కాలు కదిలింది. నెల రోజులు అడుక్కి దిగవద్దన్నారు. ‘మళ్ళీ ఒక్కసారి ముళ్ళ దగ్గర ఆగకుండా పైకొచ్చారంటే ఈ కాలు మీది కాదు’ అని డాక్టరమ్మ ఆయనతో చెప్పింది. చెబుతూ నా వైపు చూసింది. నేను తలుపు చాటున ఉన్నాను.

‘కడియం మేకకి కట్టిన అమ్మాయివి నువ్వేనా?’

ఆ సంగతి వైద్య పడవ దాకా వెళ్ళింది. నేల చీలితే దూరిపోదామంటే ఇక్కడ నేల కూడా లేదు.

నన్ను కూర్చోబెట్టి అడిగింది. ఏం అయ్యింది అని కాదు, ఎక్కడెక్కడికి వెళ్ళడం మానేశావు అని అడిగింది. సంత, చెక్క వంతెన, టీ, వేడి అన్నం, నవ్వడం. చెబుతుంటే నాకే వింతగా ఉంది. అత్త గుమ్మంలో నిలబడి అంతా వింది.

దీన్ని పానిక్ డిజార్డర్ అంటారట. జబ్బేనట. పిచ్చి కాదు, గుండె జబ్బూ కాదు. గుండెకి తీగలు పెట్టి చూసి మరీ చెప్పింది. అపాయం వచ్చినప్పుడు ఒళ్ళు పరిగెత్తడానికి సిద్ధమవుతుంది కదా, ఆ సిద్ధమవడం అపాయం లేకుండానే జరుగుతుందట. పది నిమిషాల్లో పైకి ఎక్కి, తర్వాత దానంతటదే దిగుతుందట. చావరట.

‘మళ్ళీ వస్తుందేమోనని భయపడి, ఒక్కో చోటూ మానేసి, ఇంట్లో మూలకి చేరతారు చూడు, అదే పెద్ద జబ్బు. వచ్చినప్పుడు పారిపోకు. ఉన్నచోటే కూర్చో. ఊపిరి తీసుకోవడం కంటే వదలడం ఎక్కువసేపు చెయ్యి.’

కడియం నాడి హద్దు పెంచమని కాగితం రాసివ్వమన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. నిజంగా నీళ్ళలో పడ్డనాడు కూడా నాడి ఇంతేనట. హద్దు పెంచితే ఆనాడు మోగదు, నాకా ఈత రాదు. రోజుకో మాత్ర ఇచ్చింది. పనిచెయ్యడానికి మూడు నాలుగు వారాలు పడుతుందంది. అంతవరకూ రోజూ చెక్క వంతెన మీద కొన్ని అడుగులు వెయ్యాలి.

డాక్టరమ్మ వెళ్ళాక అత్త గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. ‘మరి నాకెందుకు చెప్పలేదే?’ అంది.

‘గట్టుకి పంపేస్తారని.’

‘పంపేత్తే నీళ్ళెవరు తెత్తారే, నేనే కదా ఇప్పుడు మోత్తన్నాను’ అంది. తిట్టిందో ఇంకేం చేసిందో అర్థం కాలేదు.

భాద్రపద బహుళ షష్ఠి

చెక్క వంతెన మీద మొదటి రోజు నాలుగు అడుగులు. ఈ రోజు సగం. వెనక అత్త, చేతిలో కర్ర.

మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. ఊసుపోక నాకు మైకు నేర్పుతానన్నాడు. గరిటె నా మూతి దగ్గర పెట్టి, ‘ఊఁ, ఊరంతా వింటంది, చెప్పు’ అన్నాడు. నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. ‘చెప్పవేటే? వరహాలు, పదిహేడు. అంతే కదా!’ చెప్పాను. ‘వినపళ్ళేదు. మేక గట్టిగా చెప్పింది.’ అప్పుడు నవ్వొచ్చింది. గట్టిగా నవ్వేశాను. గుండె ఎగిరింది, చూసుకున్నాను, కానీ కడియం మోగలేదు.

ఆయన కాలు రాత్రుళ్ళు లాగుతుంది. నేను నూనె రాస్తాను. నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండును.

ఆశ్వయుజ శుద్ధ విదియ

ఈ రోజు ఆయన మళ్ళీ అడుక్కి దిగాడు. డాక్టరమ్మ చూసి సరేనంది. ఆయన దిగేటప్పుడు ఇంట్లో చాప మీద కూర్చుండిపోకూడదని, బిందె తీసుకుని చెక్క వంతెన ఎక్కాను. నా వెనక బుల్లెమ్మ వదిన, ఆవిడ వెనక ఇంకో ఐదారుగురు ఆడవాళ్ళు. పోటు వేళ కావడంతో వంతెన ఊగుతోంది.

సరిగ్గా నడి మధ్యలో గుండె జారింది.

పక్షం రోజులుగా రాలేదు. పోయిందనే అనుకున్నాను. వేళ్ళు తిమ్మిరెక్కాయి. చెక్క దూరంగా జరిగిపోయినట్టుంది. చచ్చిపోతున్నాను. కడియం మోగింది. కింద ఎక్కడో ఆయన ఉన్నాడు. ఇది తెలిసేసరికి ఇంకా ఎక్కువైంది.

పారిపోకు, ఉన్నచోటే కూర్చో. బిందె పట్టుకుని అక్కడే కూర్చున్నాను. దారి కట్టేశాను. వెనక నుంచి, ‘ఏటే, కూచుండిపోయావేటే?’ అని అరిచారెవరో. బుల్లెమ్మ వదిన నా వీపు మీద చెయ్యి వేసి లెక్కపెడుతోంది. ‘ఇరవై మూడు, ఇరవై నాలుగు, నొక్కవే, ఇరవై ఐదు...’

నలభై దగ్గర నొక్కాను. మైకు కరకరలాడింది. నా ఊపిరి చప్పుడు నూట నలభై తెప్పల్లోనూ వినిపించింది. నా చెవులతోనే విన్నాను. సిగ్గుతో ఒళ్ళంతా మండింది.

‘వరహాలు. పదిహేడు,’ అన్నాను. క్షేమం అనలేకపోయాను. ‘నేను నీళ్ళలో లేను. చెక్క వంతెన మీద కూర్చున్నాను. భయం వచ్చింది. చచ్చిపోతానేమోనని ఉంది. చావనని డాక్టరమ్మ చెప్పింది. ఎవరూ రావద్దు.’

తర్వాత గుర్తొచ్చింది. రావద్దంటే ఆయన ఆగుతాడా? నా ఊపిరి విన్నాక ఆగుతాడా? అప్పటికే తాడు పట్టుకుని ఉంటాడు. అందుకని ఆయన పేరు పెట్టి పిలిచాను. ఊరందరూ వింటుండగా, మొగుడి పేరు, నిండు పేరు. ‘ముడి దగ్గరే ఆగు’ అన్నాను. ‘మూడు వందలూ లెక్కపెట్టు. దాటి వచ్చావంటే చూడు!’

‘యాభై ఎనిమిది’ అంది బుల్లెమ్మ వదిన.

పెద్ద గంట మోగలేదు. మైకులో దేముళ్ళు తాత దగ్గి, ‘విన్నాం తల్లీ. నీళ్ళ పైనున్నావు. కూచో’ అన్నాడు.

కూర్చున్నాను. ఎవరూ నన్ను దాటి వెళ్ళలేరు కనుక ఆడవాళ్ళంతా బిందెలు దించి వంతెన మీదే కూర్చున్నారు. పది నిమిషాలు పట్టింది. మధ్యలో బుల్లెమ్మ వదిన నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. ‘మావోడి పేరు నేనింతవరకూ మంచం మీద కూడా అనలేదే, నువ్వు మైకులో అనేశావు’ అంది. భయం దిగింది. సిగ్గు దిగలేదు. నీళ్ళు పట్టుకుని ఇంటికొచ్చాను.

అత్త గుమ్మంలో ఉంది. ‘నూట నలభై తెప్పలకీ వినపడేలా నా కొడుకుని పేరు పెట్టి పిలిచావు కదే!’ అంది. తల దించుకున్నాను. ఆవిడ నా చేతిలోంచి బిందె తీసుకుంది. ‘పోన్లే, నాలిక తిరిగింది’ అంది.

ఆయన వచ్చేసరికి మధ్యాహ్నమైంది. తెప్ప అంచున కూర్చుని, నేను మూడు వందల చొప్పున మూడుసార్లు ఎప్పుడో లెక్కపెట్టేశాను. ఆయన ఇంకా రాలేదు. ఆరు వందల చొప్పున ఆగి ఉంటాడు. చివరికి పడవ వచ్చింది. అందులో మిగతావాళ్ళు ఆయన్ని పేరు పెట్టి పిలిచి, ‘ముడి దగ్గరే ఆగు’ అని ఆడగొంతు పెట్టి అరుస్తున్నారు. ఆయన మొహం ఎర్రగా ఉంది. తెప్ప మీద అడుగు పెట్టాడు. ముందు ఎడం కాలే పెట్టాడు.

‘రెండో ముడి దాటేద్దామనే అనుకున్నాను’ అన్నాడు. ‘నువ్వు అరిచావు.’

సాయంత్రం దేముళ్ళు తాత పుస్తకం చూడటానికి వచ్చాడు. మొదటి పుటలో ఖాళీ చూపించి, ‘ఇంకెందుకమ్మా ఇది, ఊరందరికీ తెలిసిన పేరే కదా, రాసెయ్’ అన్నాడు. నోటితో అన్నాను గాని చేత్తో రాయలేకపోయాను. పెద్ద గంట మోగలేదు కనుక అసలు ఈ రోజు పుటే అక్కర్లేదన్నాడు. అయినా రాస్తానన్నాను. సరే, పద్ధతి ప్రకారం రాయమన్నాడు.

కారణం: భయం.
పెద్ద గంట మోగలేదు. అంబలి పోయలేదు.